ద్వీపకుమారికి సారె

రేపల్లెలో బుచ్చిలింగం ఇంటిల్లిపాదికీ తమ తెలివి మీద మహా నమ్మకం. వానలో తడిస్తే గొడుగు పాడైపోతుందని, మబ్బు పట్టగానే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. ఇంత తెలివైన కొంపలో బుచ్చిలింగం తమ్ముడు పానకాలుకి మాత్రం పెళ్ళి కావట్లేదు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. వదిన మంగతాయారు వాణ్ణి చూసినప్పుడల్లా కళ్ళు ఒత్తుకునేది.

ఎదురింటివాళ్ళు విదేశీ కుక్కను తెచ్చారు. "మనమేం తక్కువా?" అంటూ బుచ్చిలింగం బెజవాడ వెళ్ళి, పెంపుడు జంతువుల కొట్లో ఒక బొద్దింకను కొనుక్కొచ్చాడు. మడగాస్కర్ దీవి జాతిదట. ఎగరదు, కరవదు. ముట్టుకుంటే బుస కొడుతుంది. అరచేతిలో సగం ఉంటుంది.

"ఆడదండీ. వెచ్చగా ఉంచండి. ఇంట్లో ఆడపిల్లలా చూసుకోండి" అన్నాడు కొట్టువాడు.

అంతే! ఊరంతా పిలిచి బారసాల చేశారు. ద్వీపకుమారి అని పేరు పెట్టి ఉయ్యాలలో ఊపారు. దిష్టిచుక్క పెడితే నలుపులో నలుపు కనపడలేదు. సున్నంతో పెట్టారు.

వెచ్చగా ఉండాలి కదా! మంగతాయారు పిల్లదాని డబ్బాను తీసుకెళ్ళి పొయ్యి పక్కన, కుక్కర్‌ని ఆనించి పెట్టింది. సెగ తగిలి ద్వీపకుమారి బుస్సుమంది. మళ్ళీ బుస్సుమంది. ఇంకోసారి.

"మూడు కూతలొచ్చాయి, దించెయ్ వదినా!" అన్నాడు పానకాలు.

ఇంకేముంది, బియ్యం బియ్యంలానే ఉంది. "అన్నం ఇవాళ పలుకుగా కుదిరింది" అంటూ కరకరా నమిలారు ముగ్గురూ.

అలా ఉండగా, సంబంధాలు కుదిర్చే అచ్చమ్మ పరుగున వచ్చింది. "చీరాల కుటుంబరావు గారు రేపు మీ ఇల్లు చూట్టానికొస్తున్నారు. ఇది కూడా తప్పిపోతే పానకాలుకి ఇక పిల్లనిచ్చేవాడు లేడు. మీ బొద్దింక ఆయన కంట పడ్డానికి వీల్లేదు, తెలిసిందా?"

"అంత వివరంగా చెప్పాలా అచ్చమ్మా! మేం చూసుకుంటాంగా" అన్నాడు బుచ్చిలింగం.

మర్నాడు కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టారు. లైట్లన్నీ ఆర్పారు. కుటుంబరావు గుమ్మం దాటి రెండడుగులు వేసి గోడకు గుద్దుకున్నాడు.

"కరెంటు పోయిందాండీ?"

"లేదండీ, బ్రహ్మాండంగా ఉంది. మేమే వాడట్లేదు."

ఆయన తడుముకుంటూ కుర్చీలో కూర్చుని చేతిసంచి కింద పెట్టాడు. సంచి పక్కనుంచి బుస్సుమని వినపడింది.

"పాము!"

"పాము కాదండీ, మా అమ్మాయి" అంది మంగతాయారు మురిపెంగా.

"మీకు అమ్మాయి ఉందా?"

"ఆరు కాళ్ళున్నా అణకువైన పిల్లండీ" అన్నాడు పానకాలు.

అంతే, కుటుంబరావు సంచి లాక్కుని వీధిలో పడ్డాడు. వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉందని, ఆయన వెంట వచ్చిన అచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. లైటు వేసి చూస్తే డబ్బా ఖాళీ. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

తెల్లారగానే కుటుంబరావు ఫోన్ చేశాడు. "మీ పురుగు నా సంచిలో ఎక్కి మా ఇంటికొచ్చింది. వెంటనే వచ్చి తీసుకుపోండి!"

బుచ్చిలింగం ఫోన్ పెట్టేసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మన పిల్ల వాళ్ళింట మెట్టిందే! ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం?"

చలిమిడి చేశారు. అరిసెలు చేశారు. పసుపు, కుంకుమ, అగ్గిపెట్టెలో బుల్లి పరుపు పెట్టుకుని, సన్నాయి మేళంతో చీరాలలో దిగారు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఫోన్ సంగతి తెలిసి అచ్చమ్మ కూడా ఏడుస్తూ వెంటపడింది.

కుటుంబరావు కర్ర పట్టుకుని వచ్చాడు గానీ, ఆయన కూతురు ఇందుమతి అడ్డం వచ్చింది. ఆమె అరచేతిలో ద్వీపకుమారి క్యారెట్ ముక్క కొరుకుతోంది.

"భలే ఉంది నాన్నా ఇది! పురుగుకే సారె తెచ్చినవాళ్ళు కోడల్ని ఎంత బాగా చూసుకుంటారో! నేను పానకాలు గారినే చేసుకుంటాను."

కుటుంబరావు కూతురి మొహం చూశాడు, సారె చూశాడు, కర్ర పారేశాడు. "సరే, మీ పురుగుని మీరు తీసుకెళ్ళండి. మా పిల్లని మీకిస్తాం."

అచ్చమ్మ దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టింది. పానకాలు మొహం దీపావళి అయింది. పాపం, వాడి జీవితంలో మొదటిసారి ఒక పిల్ల వాణ్ణి చూసి నవ్వింది.

బుచ్చిలింగం మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"క్షమించాలి బావగారూ. అత్తారింటికొచ్చిన పిల్లని వెనక్కి తీసుకెళ్తే నలుగురూ ఏమంటారు? పోనీ ఇక్కడే ఉంచుదామంటే, మా పిల్లని మీకిచ్చి మీ పిల్లని మేం చేసుకుంటే కుండమార్పిడి అవుతుంది. అది మా వంశంలో అచ్చిరాదు."

"మరి నా పెళ్ళి అన్నయ్యా?" అన్నాడు పానకాలు. అంతలోనే కళ్ళు తుడుచుకున్నాడు. "పోనీలే. పిల్లదాని కాపురం కంటే నా పెళ్ళి ఎక్కువా?"

అచ్చమ్మ అరుగు మీద కూలబడిపోయింది. మంగతాయారు ద్వీపకుమారికి బొట్టు పెట్టి, నోట్లో చలిమిడి పెట్టి, "అత్తామామల మీద బుస కొట్టకమ్మా" అని బుద్ధులు చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళి ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

"మా పిల్లకి వెలుతురు పడదండీ" అంటూ ఆ ఇంటి లైట్లన్నీ ఆర్పేసి, అందరికీ దణ్ణం పెట్టి రైలెక్కింది.