తెర అవతలి ఎండ

దేవదానానికి ఆ వేసవిలో ఒకటే దిగులు. బండి నడుస్తున్నంతసేపూ లోపల చల్లగా ఉండాలి. ఎలా?

అది మామూలు బండి కాదు, మోటార్ హోమ్. ఎవరో ఉపాసకులు ఇచ్చిన పాత స్కూలు బస్సుకు సీట్లు పీకేసి, మంచం, నీళ్ల ట్యాంకు, గ్యాసు పొయ్యి, పుస్తకాల బీరువా బిగించి దేవదానమే దాన్ని ఇల్లుగా మార్చాడు. అందులో సంఘరతన భంతే అనే బౌద్ధ భిక్షువు పల్నాడు పల్లెలన్నీ తిరిగి బుద్ధుడి మాటలు చెప్పేవారు. దేవదానం ఆయనకు శిష్యుడు, డ్రైవరు, మెకానిక్కు, అన్నీ.

భంతేకి డెబ్బై ఆరేళ్లు. గుండె బలహీనం. ఎండ తగిలితే మనిషి దక్కడని డాక్టరు దేవదానాన్ని పక్కకు పిలిచి మరీ చెప్పాడు. ఆ మాట అతని మనసులో మేకులా దిగిపోయింది.

నరసరావుపేట షెడ్డులో పద్దెనిమిదేళ్లు బస్సులకు ఏసీలు బిగించిన చెయ్యి దేవదానానిది. అలాంటి చేతిని కూడా ఈ బండి ముప్పుతిప్పలు పెట్టింది. ఆగి ఉన్నప్పుడు ఎక్కడైనా కరెంటు తగిలిస్తే పైకప్పు మీది ఏసీ తిరిగేది. బయల్దేరితే అది లేదు. ఇంజనుతో నడిచే చిన్న ఏసీ ఒక్కటే దిక్కు. దాని గాలి డ్రైవరు సీటు దాటి నాలుగడుగులు పోయేసరికి వేడెక్కిపోయేది. పైకప్పుకు తెల్లరంగు వేశాడు. కిటికీలు తెరుచుకోకుండా బిగించి అద్దాలకు వెండిరంగు కాగితం అంటించాడు. గోనెసంచులు తడిపి పైన పరిచాడు. పల్నాడు ఎండకు అవి పావుగంటలో అప్పడాల్లా ఎండిపోయాయి.

చివరికి ఒక ఉపాయం తట్టింది. డ్రైవరు సీటు వెనక అడ్డంగా, దూది పెట్టి కుట్టిన మందపాటి తెర కట్టాడు. పైనుంచి కిందదాకా కొక్కేలు. దాంతో చల్లగాలి ముందే నిలిచిపోయింది. భంతేని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మాచర్ల దాకా నడిపాడు. దిగేటప్పుడు ఆయన నుదుటి మీద చెమట చుక్క కూడా లేదు. దేవదానానికి ఆ రోజంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

వెనక సంతోషమ్మ ఉండేది. భంతేకి వండిపెట్టే మనిషి. అరవై దాటాయి. మిరపకోతలకు పోయి పోయి నడుము వంగింది కానీ నోరు వంగలేదు.

"ఏందబ్బాయ్, కోళ్ల గంప కింద మూసినట్టు మూశావు నన్ను?" అంది మొదటిరోజే.

"తెర తియ్యమాక పిన్నీ. చల్లగాలి ఎనక్కిపోతే భంతేకి ప్రమాదం."

"భంతేకా? అయితే తియ్యన్లే."

మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మే నెల చివర్లో ఒకరోజు మాచర్ల నుంచి బయల్దేరారు. పిడుగురాళ్ల అవతల ఒక పల్లెలో ఆ సాయంత్రం సభ. పన్నెండు దాటితే భంతే అన్నం ముట్టరు, అది భిక్షువుల నియమం. అందుకని సంతోషమ్మ ఎండలో ఆగి ఉన్న బండిలోనే పదకొండున్నరకల్లా వంట ముగించి వడ్డించింది. పొయ్యి వేడి ఇంకా లోపలే ఉంది. దేవదానం తలుపులు బిగించి, తెర కొక్కేలు తగిలించి, బండి తీశాడు.

రెంటచింతల దాటాక భంతే అడిగారు. "వెనక సంతోషమ్మకు ఎలా ఉంది?"

"చల్లగానే ఉంది భంతే," అన్నాడు దేవదానం, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

గురజాల దగ్గర మళ్లీ అడిగారు. అదే జవాబు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు కనబడుతుండగా మూడోసారి అడిగారు. మూడోసారీ అదే.

పల్లె చేరాక దేవదానం వెనక తలుపు తీశాడు. లోపలి గాలికి ముఖం కాలింది. సంతోషమ్మ నేల మీద పడి ఉంది. తెర అంచు నేలను తాకే చోట, సందులోంచి కాస్త చల్లగాలి వస్తుందేమోనని ముఖం ఆనించి పడుకుంది. తడిపి తల మీద వేసుకున్న కొంగు ఎప్పుడో ఆరిపోయింది. కొక్కేల్లో ఒక్కటీ ఊడలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్లారు. వడదెబ్బ అన్నారు. తెచ్చేసరికే పోయిందన్నారు.

మర్నాడు ఆమెను సొంత ఊళ్లోనే పూడ్చారు. ఆమె తమ్ముడు వచ్చి దేవదానం భుజం మీద చెయ్యేశాడు. "నువ్వేం చేస్తావన్నా. ఎండలు అట్టా ఉండాయి" అన్నాడు. అతను చెంప పగలగొట్టినా దేవదానానికి అంత బాధ ఉండేది కాదు.

మూడు రోజులు భంతే ఏమీ అనలేదు. నాలుగోరోజు దేవదానమే ఉండబట్టలేక ఆయన ముందు కూర్చున్నాడు.

"ఒక్క మాటన్నా అనండి భంతే. తిట్టండి."

"ఏమని తిట్టను?" అన్నారు భంతే. "మూడుసార్లు అడిగాను. ఒక్కసారి కూడా లేచి వెళ్లి చూడలేదు. నేనూ చల్లటి వైపే కూర్చున్నాను కదా."

దేవదానం జేబులోంచి ఒక కాగితం తీసి విప్పాడు. రెండో ఏసీ బొమ్మ. గొట్టాలు ఎటు పోవాలో, వెనక గాలి ఎక్కడ దిగాలో, అన్నీ గీసి ఉన్నాయి.

"ఇది బిగిస్తే ఇంకెవరికీ ఇట్టా కాదు భంతే. వారం చాలు. ఎనక్కూడా ముందున్నంత చల్లగా ఉంటది." చెబుతూ చెబుతూ ఉంటే అతని గొంతులోకి పాత హుషారు వచ్చేసింది. పాపం, అది వచ్చిందని కూడా అతనికి తెలియలేదు.

భంతే బొమ్మను శ్రద్ధగా చూశారు. మడిచి అతని చేతిలో పెట్టారు.

"బాగుంది. బండి తియ్యి. సంతోషమ్మ ఊరిదాకా వెళ్లొద్దాం."

అప్పటికి పన్నెండు దాటింది. దేవదానం ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. భంతే అటు రాలేదు. వెనక తలుపు తీసుకుని మెల్లగా ఎక్కి, పొయ్యి పక్కన, సంతోషమ్మ కూర్చునే చోట కూర్చున్నారు.

"వద్దు భంతే! డాక్టరు ఏమన్నాడో మీకు తెలుసు."

"తెర కట్టు."

గురువు మాట. దేవదానం కొక్కేలు తగిలించాడు. ఒకటి తగిలిస్తుంటే ఇంకొకటి జారిపోయింది. అన్నీ తగిలేదాకా భంతే లోపలి నుంచి చూస్తూనే ఉన్నారు.

బండి కదిలింది. చల్లగాలి అతని మోకాళ్లకు తగిలింది. ఏసీ కట్టేద్దామని చెయ్యి చాపి, కట్టేస్తే మాత్రం వెనక చల్లబడుతుందా అని ఆగిపోయాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. దాని వైపు చూడలేకపోయాడు.

నాలుగు కిలోమీటర్లు పోయాడో లేదో తెర వైపు తల తిప్పాడు.

"భంతే, ఎట్టా ఉంది?"

"చల్లగానే ఉంది."

ఇంకో రెండు కిలోమీటర్లు.

"భంతే?"

జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది.

"చల్లగానే... ఉంది నాయనా."

దేవదానం బండిని రోడ్డు పక్కకు లాగి ఆపాడు. కొక్కేలు ఊడదీసే ఓపిక లేక తెరను రెండు చేతులా పట్టి గుంజాడు. బట్ట చిరిగి దూది బయటికొచ్చింది. భంతే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. కాషాయ చీవరం తడిసి ఒంటికి అంటుకుపోయింది. ముఖం కందిపోయింది, పెదవులు ఎండిపోయాయి.

ముందు సీట్లోకి ఎత్తుకొచ్చి, నీళ్లు తాగించి, ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు దేవదానం. ఏడుపు ఆగలేదు.

"చల్లగానే ఉందన్నారే! ప్రాణం పోయేది కదా భంతే! ఎందుకట్టా చెప్పారు?"

భంతే ఇంకో గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు.

"నువ్వు అడిగి ఉంటే సంతోషమ్మ కూడా ఇదే చెప్పేది."