పటిక నీళ్ల చుక్కలు

“మళ్లీ వస్తాదా, రాదా? ఒక్క మాట చెప్పమ్మా” అని దేవసేనక్క అడగడం ఆ వారంలో ఐదోసారి. మా గురువు చెంగమ్మగారు గుడ్డ మీంచి తల ఎత్తలేదు. ప్రశ్న నచ్చనప్పుడు వెదురు కలాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకోవడం ఆమె అలవాటు.

శ్రీకాళహస్తిలో ఆమె దగ్గర కలంకారీ నేర్చుకునేవాళ్లం అక్కా నేనూ ఇద్దరమే. అక్కకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషనై, మందులెక్కించడం, రేడియేషన్ కరెంటు పెట్టడం కూడా ముగిసి ఏడు నెలలు. డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది: నీలా జబ్బు తొందరగా బయటపడినవాళ్లలో చాలామందికి తిరిగి రాదు, కొందరికి వస్తుంది, నువ్వు ఎవరిలో ఉంటావో నేను చెప్పలేను, మాత్రలు మానకు, పరీక్షలకు రా. ఇంట్లోవాళ్లేమో ఆ పేరెత్తితేనే నోరు మూయిస్తారు. అత్తగారు రోజుకో కషాయం పంపిస్తుంది. ఈ మధ్యలో ఒక గుడికి పన్నెండు గజాల బొమ్మల తెర రాయాలని కబురొచ్చింది. ఏడాది పని. గురువుగారు దాన్ని అక్కకే ఇస్తానన్నారు. అక్క మాత్రం చేతిరుమాలంత ముక్కలు తప్ప ఏదీ ముట్టడం లేదు. “ఏడాది నేనుంటానని ఎవరు రాసిచ్చినారు?” అంటుంది.

వినీ వినీ విసుగెత్తి నేను కలగజేసుకున్నాను. నిజం ఒప్పుకోవాలి. ఓదార్చాలని కాదు, ఆ మాట ఆగితే చాలనుకున్నాను. “ఏమీ రాదులే అక్కా! నవ్వుతూ ఉండు, ఏ రోగమైనా పారిపోతుంది” అంటూ చెయ్యి విసిరాను. ఆ చేతిలో పటిక నీళ్లలో ముంచిన కలం ఉందన్న సంగతే మరిచాను.

చుక్కలు వెళ్లి అక్క గీసిన అమ్మవారి ముఖం మీద పడ్డాయి. పటిక నీళ్లకు రంగుండదు. తడి ఆరితే ఎక్కడ పడ్డాయో కూడా తెలియదు. కానీ పటిక తగిలిన ప్రతి చోటూ, రంగుచెక్క వేసి ఉడికించినప్పుడు ఎర్రగా తేలుతుంది. చీరకూ పెదవికీ ఎరుపు తెచ్చేది అలాగే; వాటికి పూసిన పటిక నిన్ననే ఆరి గుడ్డకు పట్టేసింది, ఇక కడిగినా పోదు. ముఖానికి మాత్రం పటిక తగలనివ్వం.

“నవ్వమన్నావు గదా, నవ్వు మే ఇప్పుడు!” అని అక్క నా మీద విరుచుకుపడింది.

చెంగమ్మగారు నన్ను తిట్టలేదు. “ఏటికి పదండి” అన్నారు. మోకాటి లోతు నీళ్లలో ఆ చుక్కలు ఆరి పట్టకముందే గుడ్డను ప్రవాహానికి పట్టి గంటసేపు కడిగాం. వేళ్లు ముడతలు పడ్డాయి. గట్టెక్కగానే అక్క మొదలుపెట్టింది.

“అంతా పోయినట్టేనా?”

“కడగాల్సినంత కడిగినాం.”

“అది కాదమ్మా. పోయిందా, లేదా?”

“కంటికి కనపడేదైతే నువ్వే చూసుకుందువు గదమే! చానామటుకు పోయుంటాది. ఉడకేస్తే తెలుస్తాది.”

అక్క ఆ తడిగుడ్డను, చదునైపోయిన ఎడమవైపు ఛాతీకి హత్తుకుంది. “అయితే నేను ఉడకెయ్యను. ఇట్లే ఉండనీ.”

గురువుగారికి కోపం రావడం నేను అంతకుముందు రెండుసార్లే చూశాను. “ఉండనీ. మచ్చ రాదు. చీరకు ఎరుపూ రాదు, పెదవికీ రాదు. అమ్మవారు అట్లే పాలిపోయి కూచుంటాది. సంతోషమేనా?”

తడిగుడ్డతోనే గురువుగారింటికి వచ్చాం. పెరట్లో రాగి కాగులో రంగుచెక్క వేసిన నీళ్లు మరుగుతున్నాయి. అక్క దాని ముందు చాలాసేపు నిలబడింది. చివరకు తనే గుడ్డను అందులోకి దించింది.

“మచ్చ తేలితే?”

“తేలితే అప్పుడు దాని పని చూద్దాం. ముందు కట్టెతో తిప్పు. నిలిపినావంటే రంగు ఒకచోటే పట్టేస్తాది.”

అక్క తిప్పింది. ఆవిరికి కళ్లు మండుతున్నా తిప్పుతూనే ఉంది. మధ్యలో నేనేదో ధైర్యం చెప్పబోయి, గురువుగారి చూపు తగిలి ఊరుకున్నాను. గుడ్డ ఇంకా కాగులోనే ఉంది. ముఖం మా వైపు తిప్పకుండానే అక్క అడిగింది.

“ఆ పన్నెండు గజాల తెర గుడ్డను, గీత గీసేముందు కరక్కాయ కలిపిన పాలల్లో ముంచి ఆరేయాల గదా. రేపు చేద్దామా అమ్మా?”

“రేపెందుకు?” అన్నారు చెంగమ్మగారు. “ఎండ ఇంకా ఉండాది.”