సగంలో ఆగిన మాట

అనగనగా ఏడు అడవులు. ఏడింటికీ ఒకటే ఏరు. ఆ ఏటికి బాగా ఎగువన, నల్లరాళ్ళ గుట్టల నడుమ ఉన్న ఏడో అడవిలో గవ్వమ్మ అనే అలుగు ఉండేది. అలుగును ఎప్పుడైనా చూశారా పిల్లలూ? ఒళ్ళంతా పొలుసులు, మూరెడు నాలుక. భయమేసినా సిగ్గేసినా బంతిలా ముడుచుకుపోతుంది. మన గవ్వమ్మ కాస్త ఎక్కువగానే ముడుచుకునేది.

ఆమె మనసులో ఒక మాట ఉండిపోయింది. పూర్తి మాట కాదు, సగం మాట.

చిన్నప్పుడు ఆమె కింది బడి చదువు ముగించి, రెండు రోజులు నడిచి వెళ్ళి, ఏటి దిగువన ఉన్న పై బడిలో చేరింది. మొదటి రోజు, మొదటి పాఠం. తాబేలు పంతులమ్మ మెడ సాచి ఇలా అంది: "ఇవాళ పొద్దున మీరు తాగిన నీళ్ళు ఒకప్పుడు సముద్రంలోవి. అక్కడినుంచి మీ గడప దాకా ఎలా వచ్చాయంటే..."

సరిగ్గా అప్పుడే, వెనకే నడిచొచ్చిన నాన్న బడి గుమ్మంలోంచి పిలిచాడు. "గవ్వా, లేచి రా! చెదపుట్టలు తవ్వడానికి చేతులు చాలట్లేదు. ఆడపిల్లవి, నీకు కింది బడి చదువు చాల్లే."

పక్కనే కూర్చున్న అన్నను మాత్రం లేవమనలేదు. తర్వాత అన్నను ఎన్నిసార్లు అడిగినా, "నీకెందుకే అవన్నీ!" అనేవాడు.

ముప్పై వానాకాలాలు గడిచాయి. గవ్వమ్మకు పిల్లలు పుట్టారు, పెరిగారు, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. కానీ ఏటి దగ్గర నాలుక చాచిన ప్రతిసారీ ఆమె ఒక్క క్షణం ఆగిపోయేది. "నువ్వు సముద్రానివా? ఇంత దూరం ఎలా వచ్చావే తల్లీ?" అని నీళ్ళను అడిగేది. నీళ్ళు చెప్పకుండా పారిపోయేవి.

ఒకరోజు కబురొచ్చింది. ఏడు అడవుల పెద్ద ఏనుగమ్మ లెక్క రాయిస్తోందట. పెద్దవాళ్ళలో పై చదువు చదివినవాళ్ళు ఏ అడవిలో ఎంతమందో ఎర్రకాళ్ళ కొంగ వచ్చి రాసుకుంటుందట. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అడవిపెద్ద కొండయ్య దున్న అందరినీ పిలిచి గిట్టతో నేలను గట్టిగా తన్నాడు. "పక్క అడవిలో నూటికి నలభైమంది పై చదువువాళ్ళట! మనం తీసిపోయామా? అడిగితే అందరం చదివామనే చెప్పాలి. మన అడవి పరువు తీసినవాళ్ళ సంగతి తర్వాత చూస్తా!"

మర్నాడు పొద్దున్నే కొంగ వచ్చి బండ మీద వాలింది. ఒక్కొక్కరి పేరునా ఒక్కో టేకాకు తీసింది. పై చదువు చదివితే ఆకుకు రెండు చిల్లులు, చదవకపోతే ఒకటే చిల్లు.

"కొండయ్యగారూ, తమరు?"

"చదవకేం? కొమ్ములు చూస్తే తెలియట్లా?"

టక్, టక్. రెండు చిల్లులు.

"మీరో, కొండముచ్చుగారూ?"

"అబ్బో, మా ఇంట్లో తోకలు కూడా చదివాయి!"

టక్, టక్.

"కుందేలు పిన్నీ, నువ్వు?"

"ఆ... చదివా. కాస్త తొందరతొందరగా చదివేశా," అంది కుందేలు నేలచూపులు చూస్తూ.

టక్, టక్.

వరస గవ్వమ్మ దాకా వచ్చింది. కొండయ్య గుడ్లురిమాడు. ఆమె అలవాటు ప్రకారం తల పొట్టలోకి దోపుకుని, తోక చుట్టుకుని, బంతైపోయింది. లోపలంతా చీకటి. ఆ చీకట్లో ఆ పాత గొంతే వినిపించింది. 'అక్కడినుంచి మీ గడప దాకా ఎలా వచ్చాయంటే...'

చదివానని ఇప్పుడు చెప్తే ఆ మాట ఇక ఎవరిని అడగను? చదువుకున్నదానికి తెలియకుండా ఎలా ఉంటుంది అనరూ? ఉన్న ఒక్క ప్రశ్ననూ నా చేత్తో నేనే పూడ్చేసుకోవాలా? అనుకుంది.

గవ్వమ్మ ఒక్కో పొలుసే విప్పుకుంటూ నిటారుగా లేచి నిలబడింది.

"నేను చదవలేదమ్మా. ఒక్క మాట విన్నాను. అదీ సగమే."

కొండముచ్చు పకపకా నవ్వింది. "సగం మాట చదువట! ఆకుకు సగం చిల్లు పెట్టమ్మా!"

కొండయ్య కొమ్ములు దించి బుస కొట్టాడు. "పరువు తీశావు కదే!"

గవ్వమ్మ ఈసారి ముడుచుకోలేదు. "చదవకపోవడం నా తప్పు కాదు కొండయ్య బాబాయ్. చదివానని చెబితే మాత్రం అది నా తప్పే."

కొంగ కాలితో పట్టుకున్న ఆకును కింద పెట్టింది. "ఆ సగం మాటేదో చెప్పు."

గవ్వమ్మ చెప్పింది. మనం తాగే నీళ్ళు సముద్రంలోవని చెప్పింది.

అందరూ ఒక్కసారి ఏటివైపు తిరిగారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఏరే. ఆరోజు మాత్రం ఎవరో గొప్ప చుట్టం ఇంటికొచ్చినట్టు కళ్ళార్పకుండా చూశారు.

కుందేలు నెమ్మదిగా అడిగింది. "అయితే... ఎలా వచ్చాయక్కా?"

"తెలియదే. ముప్పై ఏళ్ళుగా అదే అడుగుతున్నా."

కుందేలు గబగబా కొంగ దగ్గరికి పరిగెత్తింది. "నా ఆకు చింపేయమ్మా. నేనూ చదవలేదు. నాకూ తెలుసుకోవాలనుంది."

వెనక అడవిపంది వచ్చింది. దాని వెనక నెమలి. ఆఖరికి కొండముచ్చు కూడా తోక కాళ్ళమధ్య దాచుకుని వచ్చింది. కొత్త ఆకులతో లెక్క తేలింది. నూటికి ముగ్గురు!

అప్పుడు కొంగ అసలు సంగతి చెప్పింది. "పెద్దవాళ్ళ కోసం ఏనుగమ్మ కొత్తగా ఒక పై బడి పెడుతోంది. ఎక్కడ చదివినవాళ్ళు తక్కువో అక్కడ. మీ మొదటి లెక్కతో నేను వెళ్ళిపోయుంటే ఆ బడి ఈ గుట్ట ఎక్కేదే కాదు."

కొండయ్య కొంగ దగ్గరికి నడిచాడు. తర్వాత గొంతు సవరించుకుని, "నాకూ ఒక కొత్త ఆకు," అన్నాడు.

తొలకరికి ముందే బడి తెరిచారు. ముందు వరసలో గవ్వమ్మ. వెనక వరసలో కొండయ్య. ముందు కూర్చుంటే ఆయన కొమ్ములు అందరికీ అడ్డమట! పంతులమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. గవ్వమ్మ ఆమెను తేరిపార చూసింది. అదే డొప్ప, అదే మెడ. తాబేళ్ళకు ముప్పై ఏళ్ళు ఒక లెక్కా?

పంతులమ్మ ఆమెను గుర్తుపట్టింది. "నువ్వు పాఠం మధ్యలో వెళ్ళావు కదూ! ఎక్కడ ఆపాను?"

"ఎలా వచ్చాయంటే... అన్నారమ్మా."

"ఆ, ఎలా వచ్చాయంటే, ఎండకు సముద్రం ఆవిరై లేస్తుంది. ఎవరి కంటికీ కనబడదు. ఉప్పును అక్కడే వదిలేస్తుంది. గాలి దాన్ని మోసుకొస్తుంది. మన గుట్టలు అడ్డొస్తే పైకెక్కుతుంది, చల్లబడుతుంది, మబ్బవుతుంది. ఆ తర్వాత..."

పైన ఉరిమింది. గుట్ట మీద తొలి చినుకు టప్పున పడింది.

గవ్వమ్మ మూరెడు నాలుక చాచి ఒక చుక్క అందుకుంది. కళ్ళు మూసుకుంది. ఎన్ని కొండలు, ఎంత ఆకాశం దాటి వచ్చిన చుక్క!

"నిజమే," అంది మెల్లగా, "ఉప్పు లేదు."

నీతి: తెలియదని ధైర్యంగా చెప్పినవాళ్ళను వెతుక్కుంటూ చదువు ఏ వయసులోనైనా వస్తుంది, తెలుసని బొంకినవాళ్ళ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది.