ఇంజను మీద తడి తువ్వాలు

మౌలాలికి ఒక బండి కావాలి. కావలసింది ఒక్కటే, అనుమానాలు మాత్రం బండెడు.

జమ్మలమడుగులో ఒక రక్తపరీక్షల ల్యాబు తరఫున పల్లెలు తిరిగి శాంపిళ్ళు తెచ్చే పని అతనిది. తెల్లవారకముందే బయల్దేరాలి. షుగరు ఉన్నవాళ్ళు కాఫీ చుక్క కూడా తాగకుండా అరుగుల మీద కూర్చుని అతని కోసం ఎదురుచూస్తుంటారు. అతని పాత వంద సీసీ బండి పగలంతా బుద్ధిగా తిరిగేది గానీ, చలికి పొద్దున్నే లేచేది కాదు. కిక్కు కొట్టీ కొట్టీ మోకాలు నొప్పి పుట్టేది. ఈ చలికాలంలో ఒక ముసలమ్మ పరగడుపున చూసి చూసి అరుగు మీదే పడిపోయింది. ల్యాబు యజమాని మౌలాలిని పిలిచి, ఒకటో తారీఖులోగా మంచి బండి చూసుకోకపోతే ఆ రూటు ఇంకొకరికి ఇస్తానని చెప్పేశాడు.

మౌలాలి బాగానే ఆలోచించాడు. చిన్న బండికి ఐసుపెట్టె కట్టుకుని హైవే ఎక్కితే పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా ఊగిపోతోంది. మరీ పెద్దది కొంటే పెట్రోలుకే జీతం పోతుంది, పాడైతే ఏ కడపకో మోసుకుపోవాలి. రోజూ తిరగడానికి నడిమిరకం బండి, మూడొందల యాభై సీసీది, తన తాహతులో దొరికితే చాలనుకున్నాడు. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

షోరూములో చెప్పిన మైలేజీ అబద్ధమన్నాడు. ఫోనులో వీడియోలు చూసి, బండిని పొగిడినవాడు ఆ కంపెనీ దగ్గర డబ్బు తిన్నాడన్నాడు, తిట్టినవాడు పక్క కంపెనీ దగ్గర తిన్నాడన్నాడు. పోనీ సెకండ్ హ్యాండ్ చూద్దామంటే, మీటరు వెనక్కి తిప్పి ఉంటారన్నాడు. కొత్తగా రంగు వేసిన బండి కనిపిస్తే ఎక్కడో గుద్దేసి ఉంటారని, రంగు వెలిసిన బండి కనిపిస్తే సరిగా చూసుకోలేదని. టైర్లు కొత్తవైతే ఎందుకు మార్చారని, పాతవైతే ఎందుకు మార్చలేదని. అతనికి బండి అమ్మడం ఎవరి తరమూ కాదని మెకానిక్కులంతా తేల్చేశారు.

ఊరి చివర పెన్న ఒడ్డున ఫకీర్లు ఉండే చిన్న తకియా ఒకటి ఉంది. అక్కడ గౌస్‌పీర్ హజ్రత్ అనే ముసలి ఫకీరు ఉంటారు. మౌలాలి ఆయన శిష్యుడు. మిగతా శిష్యులు ఆయన దగ్గరికి దేవుడి సంగతులు అడగడానికి వస్తే, ఇతను ఆ వారమంతా బండి సంగతులే మోసుకొచ్చాడు.

"హజ్రత్, ఒక బండి దొరికింది. కుమ్మరివీధి ఓబులేసన్నది. బండి బాగుంది. ధర చూస్తే మరీ తక్కువ. అదే నా అనుమానం" అన్నాడు.

హజ్రత్ చాటలో పప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. "ఎందుకు అమ్ముతాడంట?" అని అడిగారు.

"వాళ్ళావిడకి మోకాళ్ళ నొప్పులంట. ఎత్తు సీటు ఎక్కలేకుండా ఉందంట. నా చిన్న బండి, పైన కొంచెం డబ్బు ఇస్తే చాలంటాడు. నా బండిని చూడను కూడా చూడలేదు హజ్రత్! చూడకుండా తీసుకుంటానన్నాడంటే తనదాంట్లో ఏదో లొసుగు ఉన్నట్టే కదా?"

"నువ్వు చూసినావు కదా, ఏం లొసుగు కనపడింది?"

"పోతానే ఇంజను మీద చెయ్యి పెట్టినా. చుర్రుమనింది. అమ్మేవాళ్ళు మనం పోయేలోపలే స్టార్ట్ చేసి, బాగా వేడి చేసి పెడతారు. వేడి మీద ఎట్లాంటి ఇంజనైనా ఒక్క దెబ్బకి లేస్తుంది. దాని రోగం బయటపడేది చల్లగా ఉన్నప్పుడే. అడిగితే, ఇప్పుడే డ్యూటీ నుంచి వచ్చినా అన్నాడు. అందరూ చెప్పేది అదే."

హజ్రత్ ఒక రాయి ఏరి పక్కన పెట్టారు. "ఇన్ని సంగతులు నీకెట్లా తెలిసినాయి బేటా?"

"తెలుస్తాయిలే హజ్రత్" అన్నాడు మౌలాలి పెన్న వైపు చూస్తూ.

తర్వాత అసలు విషయానికి వచ్చాడు. ఎల్లుండి పొద్దున ఓబులేసును బండితో సహా ఇక్కడికే రమ్మన్నాడట. ఇక్కడే రెండు బండ్లూ చూసుకుని మార్చుకుంటారట. హజ్రత్ కాస్త దగ్గర కూర్చోవాలట.

"నేనెందుకు? నాకు సైకిలే రాదు."

"మీ ముందు అతను అబద్ధం చెప్పలేడు హజ్రత్."

"నా ముందు ఎవరూ చెప్పలేరా?"

"ఎవరూ చెప్పలేరు."

"సరే అయితే, కూర్చుంటా" అన్నారు హజ్రత్, మళ్ళీ పప్పు వైపు వంగుతూ.

ఓబులేసు రావలసిన రోజు మౌలాలి చీకటితోనే లేచాడు. పాత బండిని ఇంటి ముందుకు తెచ్చి చోక్ లాగి కిక్కు మొదలుపెట్టాడు. వీధి కుక్కలు లేచాయి, పక్కింటివాళ్ళు లేచారు, బండి మాత్రం లేవలేదు. ప్లగ్గు ఊడదీసి తుడిచి, రెండు చుక్కలు పెట్రోలు పోసి మళ్ళీ కొట్టాడు. ఎప్పటికో లేచింది. లేచాక ఆపలేదు. ఊరంతా రెండు చుట్లు తిప్పి, ఇంజను భగభగమంటుండగా తకియాకి తెచ్చి వేపచెట్టు కింద పెట్టాడు. ఎదుటివాడి బండి వేడిగా ఉంటే మోసం, తన బండి వేడిగా ఉంటే జాగ్రత్త. మన మౌలాలి న్యాయం అలా ఉంది.

ఓబులేసు చెప్పిన వేళకి రాలేదు. మౌలాలి కాసేపటికొకసారి లేచి వెళ్ళి బండి స్టార్ట్ చేసి, నాలుగు సార్లు రైజ్ చేసి ఆపి వస్తున్నాడు.

"పెట్రోలు ఎందుకు తగలేస్తావు?" అని అడిగారు హజ్రత్.

"బ్యాటరీ చార్జ్ అవుతుంది హజ్రత్."

ఆయన తొట్టిలో తన తువ్వాలు ఉతుక్కుంటున్నారు.

చివరికి ఓబులేసు వచ్చాడు. మున్సిపాలిటీలో నీళ్ళ వాల్వులు తిప్పే మనిషి, యాభై దాటినవాడు. అంత బరువైన బండిని హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. అంత చలిలోనూ చొక్కా వీపుకి అంటుకుపోయింది. మౌలాలి ముఖం వెలిగింది. తన అనుమానం నిజమైనందుకు మనిషికి ఎంత సంతోషమో!

"ఏందన్నా, దారిలోనే ఆగిపోయిందా?" అన్నాడు.

ఓబులేసు స్టాండు వేసి, రొప్పు తగ్గేదాకా నిలబడ్డాడు. "ఆగిపోలేదు తమ్ముడూ. స్టార్టే చెయ్యలేదు. మొన్న నువ్వు ఇంజను మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉందని మొహం మాడ్చుకుని పోతివి కదా. ఆ రోజు నిజంగానే డ్యూటీ నుంచి వచ్చినా. నువ్వు నమ్మలేదు. అందుకే రాత్రి పెట్టింది పెట్టినట్టే తోసుకోనొచ్చినా. చల్లగా ఉంది, చూసుకో."

కుమ్మరివీధి నుంచి పెన్న ఒడ్డుకి రావాలంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. నడుమ బస్టాండు దగ్గర ఎత్తు కూడా ఉంది. అదంతా మౌలాలికి తెలుసు. కానీ అలవాటైన బుర్ర ఊరుకుంటుందా? ఇంత కష్టపడ్డాడంటే ఇంకేదో పెద్దది దాస్తున్నాడేమో అనుకుంది. ముందు తన బండిని గండం గట్టెక్కిద్దామని తొందరపడ్డాడు.

"సరే అన్నా, ముందు నాది చూడు. ఒక్క కిక్కు చాలు" అంటూ వేపచెట్టు వైపు నడిచాడు.

"ఆగు బేటా. మనిషి చెమటలు కక్కుతుంటే బండ్లు చూపిస్తావా? ముందు టీ తాగనీ" అన్నారు హజ్రత్.

ఆయన ఉతికిన తువ్వాలును ఒకసారి పిండి, అటూ ఇటూ చూసి, తీగ మీద వెయ్యకుండా తిన్నగా వచ్చి మౌలాలి బండి ఇంజను మీద కప్పారు. సుయ్యిమని ఆవిరి లేచింది. ఓబులేసు అటు తిరిగి మొహం కడుక్కుంటున్నాడు, చూడలేదు. మౌలాలి చూశాడు.

"ఇక్కడైతే తొందరగా ఆరుతుంది" అన్నారు హజ్రత్, అతని వైపు చూడకుండానే.

మౌలాలి బుర్ర మళ్ళీ మొదలైంది. హజ్రత్‌కి తెలిసిపోయిందా? తెలిస్తే ఎలా తెలిసింది? లేక నిజంగా తువ్వాలు ఆరేసుకోవడానికేనా? ఓబులేసు ముందే వచ్చి ఏదైనా చెప్పిపోయాడా? ఇద్దరూ ఒకటై తనని ఆడిస్తున్నారా? గురువు మీదికి అనుమానం పోయినందుకు అతనికే సిగ్గేసింది, అయినా ఆ అనుమానం పోలేదు.

టీ మామూలు టీ కాదు. కిరసనాయిలు స్టవ్వుకి పిన్ను కొట్టాలి. పాలు లేవంటే ఓబులేసు తెస్తానన్నాడు, హజ్రత్ వద్దని తానే కర్ర పట్టుకుని మెల్లగా పోయి మెల్లగా వచ్చారు. అల్లం దంచారు. మరిగింది చాలదని మళ్ళీ మరిగించారు. మౌలాలి కూర్చోలేక, లేవలేక, వేపచెట్టు వైపు చూస్తున్నాడు. ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది.

"మీ డ్యూటీ ఎన్నింటికి?" అని అడిగారు హజ్రత్, గ్లాసు ఓబులేసు చేతికిస్తూ.

"చీకటితోనే సామీ. కోడి కుయ్యకముందే పోయి వాల్వు తిప్పాల. పోయినేడు ఒకరోజు జ్వరమొచ్చి లేటుగా పోతే, కొళాయి దగ్గర ఆడోళ్ళు బిందెలతో కొట్టుకునేంత పని అయింది. ఒకామెకి తలకాయ పగిలింది. అప్పటినుంచి నాకు రాత్రిళ్ళు సరిగా నిద్ర కూడా పట్టదు. ఈ పెద్ద బండి ఏనాడూ మోసం చెయ్యలేదు. చిన్న బండి కూడా అట్లనే ఉంటే అంతకంటే ఏం గావాల? ఆమెను కూర్చోబెట్టుకోని ఆస్పత్రికి కూడా పోవచ్చు." ఓబులేసు మౌలాలి వైపు తిరిగి నవ్వాడు. "నువ్వు కూడా నా మాదిరే చీకటితో లేచే మనిషివి కదా తమ్ముడూ. అందుకే నీ బండి చూసేదేముందని చూడకుండానే ఒప్పుకున్నా."

మౌలాలి టీ గ్లాసు ఎత్తలేదు. అరుగు మీద పడిపోయిన ముసలమ్మ కళ్ళ ముందుకి వచ్చింది. ఆ రోజు ఆమెకి చక్కెర నీళ్ళు తాగిస్తూ, ఈ బండిని ఎవరికైనా అంటగట్టేస్తే పీడ పోతుందని అనుకున్నాడు. ఎవరికో అంటే ఎవరికి అని అప్పుడు ఆలోచించలేదు.

హజ్రత్ లేచి వెళ్ళి తువ్వాలు తీశారు. దాన్ని తడిమి చూసి భుజాన వేసుకున్నారు. తర్వాత, మౌలాలి పెట్టినట్టే అరచెయ్యి చాపి ఇంజను మీద పెట్టారు.

"తువ్వాలు ఇంకా ఆరలేదు. ఇది మాత్రం బాగా చల్లబడింది. ఇప్పుడు చూపించు బేటా" అన్నారు.

మౌలాలి లేచాడు. బండి దగ్గరికి పోయి తాళం తిప్పాడు. కిక్కు మీద కాలు పెట్టాడు. ఓబులేసు గ్లాసు పట్టుకుని వెనకే వచ్చి నిలబడ్డాడు, ఏ అనుమానమూ లేని మొహంతో. ఆ మొహం చూశాక మౌలాలి కాలు కదల్లేదు.

"అన్నా, ఇది లేవదు" అన్నాడు.

"లేవదంటే?"

"చల్లగా ఉంటే లేవదు. పొద్దున్నే అసలు లేవదు. ఇందాక వేడి చేసి తెచ్చినా, నీకు తెలీకూడదని."

ఓబులేసు మొహంలో నవ్వు పోయింది. గ్లాసు గట్టు మీద పెట్టాడు. తాను తోసుకొచ్చిన బండి వైపు ఒకసారి, మౌలాలి వైపు ఒకసారి చూశాడు. "నేను ఊరంతా తోసుకోనొస్తి కదయ్యా" అన్నాడు. తిట్టినా బాగుండేది అనిపించింది మౌలాలికి.

ఓబులేసు తన బండి దాకా పోయి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇక తోసుకుంటూ వెళ్ళిపోతాడు, ఒకటో తారీఖున తన రూటూ పోతుంది అనుకున్నాడు మౌలాలి. పోతే పోనీ అని కూడా అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి కొత్త.

ఓబులేసు స్టాండు తియ్యబోయి ఆగాడు. "మా బామ్మర్దికి షెడ్డు ఉంది" అన్నాడు చివరికి, తిరిగి చూడకుండానే. "కార్బొరేటరో, పిస్టనో, వాడు విప్పి చూస్తాడు. అయ్యే ఖర్చు నీది. బాగై, చీకటితో నా ఇంటి ముందర, నా కాలికి లేస్తే తీసుకుంటా. లేవకపోతే లేదు. ఈ మాట నువ్వు వచ్చిన రోజే చెప్పుంటే నా నడుము మిగిలేది."

"సరే అన్నా" అన్నాడు మౌలాలి.

"నా బండి మాత్రం నువ్వు చూసుకో. నీకు ఒకటో తారీఖు ఉందంటివి." తాళం చెవి సీటు మీద పెట్టాడు.

మౌలాలి అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. ఇంజనుకి జానెడు దూరంలో ఆపేసి, సిగ్గుపడి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కర్లేదన్నా. నాకు నమ్మకమే" అన్నాడు.

హజ్రత్ తడి తువ్వాలు తీగ మీద ఆరేస్తూ అన్నారు:

"చూడు. చూడమనే కదా తోసుకొచ్చాడు."

మౌలాలి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. చాలాసేపటి దాకా ఆ చెయ్యి తియ్యలేదు.