ఇద్దరు పైలట్లు ఎక్కిన ఓడ

ఓలేటి వరాహశాయి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. "అదే ప్రశ్న ఇంకా తక్కువ మాటల్లో అడగండి" అనేవారు. చాలా దేశాల్లో రాయబారిగా పనిచేసి, పదవీ విరమణ తరువాత భీమిలిలో స్థిరపడ్డారాయన. విదేశాంగ శాఖలో కొత్తగా చేరిన మేం కొందరం సెలవులకు విశాఖ వచ్చినప్పుడల్లా ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆయన మాకు పాఠమేదీ చెప్పలేదు. అయినా మాస్టారనే పిలిచేవాళ్లం.

ఒక ఆదివారం పసుపులేటి నిరుపమ ముఖం ముడుచుకుని కూర్చుంది. మా అందరిలోకీ చురుకైన పిల్ల. ఏదో జలసంధిలో యుద్ధం వల్ల వర్తక నౌకలు ఆగిపోతే, వాటి రక్షణ గురించి చర్చలకు వెళ్లే బృందంలో ఆమెను వేశారు. ఓడల మీద దాడి చేసినవాళ్లెవరో అందరికీ తెలుసు. తయారవుతున్న ప్రకటనలో మాత్రం వాళ్ల పేరు లేదు. ఆమె తన బాధంతా చెప్పి, ఇలాంటి పనిలో గర్వపడటానికి ఏముందని అడిగింది. మాస్టారు అలవాటు ప్రకారం తగ్గించమన్నారు.

"తప్పు చేసినవాణ్ణి తప్పు చేశావని అనకపోవడం పిరికితనం కాదా, మాస్టారూ?"

"ఇందాక గర్వం అన్నావు. ఆ మాట తీసేశావేం?"

"పెద్దవారి ముందు మర్యాద కాదనిపించి తీసేశాను."

"అసలు ప్రశ్న అదేనమ్మా" అని ఆయన కుర్చీలో సర్దుకుని, తన ఉద్యోగం తొలిరోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పారు.

అప్పట్లో ఆయన ఒక చిన్న సముద్రతీర దేశంలో మన రాయబార కార్యాలయంలో పనిచేస్తున్నారు. అక్కడ మన రాయబారి మంథా హైమవతి గారు. పొట్టి మనిషి, గొంతు ఎప్పుడూ పెంచేవారు కారట. ఆ దేశానికి పక్కనే ఒక సన్నని జలసంధి, దానికి తూర్పున ఒక దేశం, పడమట ఒక దేశం. ఆ రెండు దేశాలూ అప్పుడు యుద్ధంలో ఉన్నాయి. వాళ్లిద్దరి యుద్ధంతో సంబంధం లేని ఓడ ఒకటి ఆ దారిన పోతూ నీటి అడుగున మందుపాతర లాంటి మైను తగిలి పేలిపోయింది. నావికులు చాలామంది పోయారు. మైను వేసింది మీరంటే మీరని రెండు దేశాలూ ఒకరినొకరు తిట్టుకున్నాయి. నిజానికి ఇద్దరూ వేశారు.

దాంతో ఓడలన్నీ జలసంధి ముందు లంగరు దించి ఆగిపోయాయి. ధాన్యం ఓడలు, మందుల ఓడలు, నూనె ఓడలు. ఇనుము కాలిపోయే ఎండ. తాగే నీళ్లు కొలిచి పోసుకుంటున్నారు. ఒక ఓడలో వంటవాడికి గుండెనొప్పి వస్తే ఒడ్డుకు చేర్చేలోపే ప్రాణం పోయింది. అతనిది కేరళ. ఓడ మీది జెండా మాత్రం మరెక్కడిదో.

పెద్ద దేశాలవాళ్లు ఆ చిన్న దేశపు రాజధానిలో ఒక హోటల్లో సమావేశం పెట్టారు. మైన్లు ఎక్కడెక్కడ వేశారో మ్యాపులు ఇవ్వమని రెండు దేశాలనూ గట్టిగా అడిగారు. మ్యాపు ఇస్తే వేశామని ఒప్పుకున్నట్టే. అందుకని ఇద్దరూ ఇవ్వలేదు. తప్పు మీదని ప్రకటనలో రాస్తామని బెదిరిస్తే, రాస్తే సమావేశం నుంచి లేచి వెళ్లిపోతామన్నారు. అక్కడే కథ ఆగిపోయింది. రోజూ ఒక వాక్యం రాయడం, మర్నాడు కొట్టేయడం.

హైమవతి గారు ఆ సమావేశాల్లో పెద్దగా మాట్లాడలేదు. ఒకనాడు పడమటి దేశం ప్రతినిధి ఆమెను పక్కకు పిలిచి, మీ దేశంతో మాకు పాత స్నేహం, మీ జెండా ఉన్న ఓడలను మాత్రం మేం దగ్గరుండి దాటిస్తాం, ఎవరికీ చెప్పకండి అన్నాడు. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. ఆమె మాత్రం, "మా జెండా కింద ఉన్న మావాళ్లకంటే పరాయి జెండాల కింద పనిచేస్తున్న మావాళ్లే ఎక్కువ. వాళ్లను ఎండలో వదిలి మేం ముందుకు పోలేం" అన్నారు. "మీరు నిజంగా సాయం చేయదలిస్తే ఇంకొకటి అడుగుతాను. మ్యాపు వద్దు. ఒక పైలట్‌ను ఇవ్వండి."

పైలట్ అంటే ఇక్కడ విమానం నడిపేవాడు కాదు. పరాయి ఓడ ఏ రేవుకు వచ్చినా, ఆ నీళ్ల లోతుపాతులు తెలిసిన స్థానికుడు ఒకడు ఓడ ఎక్కి, కెప్టెన్ పక్కన నిలబడి దారి చెబుతాడు. ప్రపంచమంతటా ఉన్న ఆచారమే.

తూర్పు దేశానికి కూడా వెళ్లి ఆమె అదే అడిగారు. అక్కడి నౌకాశాఖ మంత్రి సైన్యంలోంచి వచ్చినవాడు. అతను కళ్లు చిన్నవి చేసి, "మమ్మల్ని అనుమానిస్తున్నారా?" అన్నాడు.

"అనుమానిస్తే మీ మనిషి చేతిలో మా ఓడ ఎందుకు పెడతాం?" అన్నారు హైమవతి గారు. "ఆ నీళ్లు మీవని మీరు అంటున్నారు. మీ నీళ్లలోకి వచ్చే ఓడకు మీ పైలట్ ఉండటం మర్యాద."

మంత్రికి ఆ మాట నచ్చింది. అంతలో ఏదో తట్టి, "అవతలివాడి మనిషి కూడా ఎక్కుతాడా?" అని అడిగాడు.

"ఓడ మీద ఎవరుండాలన్నది కెప్టెన్ ఇష్టం. సముద్రం మీద చట్టం అదే కదా. మీకు నాకంటే బాగా తెలుసు."

మంత్రి నవ్వాడు. ఒప్పుకున్నట్టు చెప్పలేదు. పైలట్‌ను మాత్రం పంపాడు. పడమటివాళ్లూ పంపారు.

ఇక ముందు వెళ్లే ఓడ కావాలి. ఏ దేశమూ తన ఓడను ముందు పెట్టడానికి సిద్ధంగా లేదు. మన బియ్యం ఓడ ఒకటి ఆ వరుసలో ఉంది, పేరు నాగావళి. దాని కెప్టెన్ గరికిన పోలారావు, పూడిమడక మనిషి. తాత తండ్రులు తెప్పల మీద చేపల వేటకు పోయినవాళ్లు. హైమవతి గారు లాంచీలో ఓడ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. వెళ్లమని నేను ఆజ్ఞ ఇవ్వలేను, మీకు ఇష్టమైతేనే అన్నారు.

పోలారావు అంతా విని, "మనం ఎల్తే ఎనకాల వాళ్లకి దారవుద్దా మేడమ్?" అని అడిగాడు.

"అవుతుంది."

"మరైతే ఇంకేటి అడగడం?"

అయినా అతను తన మనుషులందరినీ డెక్కు మీదికి పిలిచి, దిగేవాళ్లు దిగవచ్చని చెప్పాడు. ఇద్దరు దిగారు. ఒకతనికి ఊళ్లో బిడ్డ పుట్టిందని అంతకు ముందే కబురొచ్చింది. ఎవరూ వాళ్లను ఏమీ అనలేదు. పోలారావే వాళ్ల సంచులు అందుకుని లాంచీలోకి దించాడు.

హైమవతి గారు తానూ ఓడలోనే వెళతానని ఢిల్లీకి రాశారు. 'మీ విచక్షణకే వదిలేస్తున్నాం' అని జవాబొచ్చింది. ఏం జరిగినా పూచీ మీదేనని దానికి అర్థం, మన శాఖలో ఎవరినైనా అడగండి అని మాస్టారు ఇక్కడ కొంచెం నవ్వారు. ఆమెకు సహాయకుడిగా మాస్టారూ ఎక్కారు. సమావేశం తరఫున ఒక పెద్ద దేశపు నౌకాదళ అధికారి కూడా పరిశీలకుడిగా ఎక్కాడు.

తెల్లవారాక నాగావళి లంగరెత్తింది. వెనకాల కొంత దూరంలో మిగతా ఓడలు ఒకదాని వెంట ఒకటి బయలుదేరాయి. ఓడ నడిపే గదిలో తూర్పు పైలట్ కుడివైపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. వయసు మళ్లిన మనిషి, తెల్లని మీసం. పడమటి పైలట్ ఎడమవైపున నిలబడ్డాడు. యుద్ధానికి ముందు వాళ్లిద్దరూ అదే జలసంధిలో ఒకరు సగం దూరం నడిపిన ఓడను ఇంకొకరికి అప్పగించినవాళ్లే. ఇప్పుడు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కొంత దూరం పోయాక తూర్పు పైలట్ ఉన్నట్టుండి కుడికి తిప్పమన్నాడు. ముందంతా నున్నని నీరే. పోలారావు ఎందుకని అడగకుండా తిప్పించాడు. ఇంకొంత దూరం పోయాక పడమటి పైలట్ ఎడమకి అన్నాడు. అలాగే తిప్పించాడు. నడిమధ్యకు వచ్చేసరికి తూర్పు పైలట్ "ఎడమకి" అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే పడమటి పైలట్ "వద్దు" అన్నాడు.

పోలారావు ఇంజను నెమ్మది చేయించాడు. కానీ అంత బరువున్న ఓడ గోదావరి మీద నావ కాదు, తెడ్డు ఎత్తగానే ఆగదు. ప్రవాహం దాన్ని మెల్లగా ముందుకే తోస్తోంది. వెనక ఓడలూ వస్తున్నాయి. అతను ఇద్దరి వైపూ చూసి, ఇంగ్లీషులో మర్యాదగానే అన్నాడు: "అయ్యా, చుక్కాని చక్రం పట్టుకున్నవాడు నాకు ఒక్కడే ఉన్నాడు. వాడికి నేను ఒక్క మాటే చెప్పగలను. మీరిద్దరూ కలిసి ఆ ఒక్కటీ చెప్పండి."

అప్పుడు ఆ ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగారు. ముసలతను ఏదో అన్నాడు. రెండోవాడు తలవంచుకుని, తరువాత చాలా వేగంగా, చాలాసేపు మాట్లాడాడు. ఆ రెండు దేశాల భాష ఒకటే. గదిలో ఉన్నవాళ్లలో వాళ్లిద్దరిని మినహాయిస్తే ఆ భాష వచ్చినది హైమవతి గారికి ఒక్కరికే. ఆమె కిటికీ వైపు తిరిగి సముద్రాన్ని చూస్తూ నిలబడ్డారు.

చివరికి ముసలి పైలట్ ఎంత తిప్పాలో, ఎంతసేపటికి తిప్పాలో చెప్పాడు. రెండోవాడు అవునని తల ఊపాడు. పోలారావు చెప్పాడు, చక్రం తిరిగింది.

నౌకాదళ అధికారి ఇక ఉండలేక హైమవతి గారి పక్కకు వచ్చి, "వాళ్లేం మాట్లాడుకున్నారు? మీకు అర్థమై ఉంటుంది" అన్నాడు.

"మీ టీ చల్లారిపోతోంది" అన్నారామె.

మధ్యాహ్నానికి నాగావళి జలసంధి దాటి విశాల సముద్రంలోకి వచ్చి పక్కకు తప్పుకుంది. వెనక వచ్చిన ఓడలు దాన్ని దాటుకుని వెళుతున్నాయి. మొదటి ఓడ కూత వేసింది. దాని వెనకది వేసింది. ఆ తరువాత ప్రతి ఓడా నాగావళి పక్కకు రాగానే నిడివిగా కూత వేసి మరీ పోయింది. ఎక్కడెక్కడి జెండాలో. రెయిలింగుల దగ్గర మనుషులు చొక్కాలు విప్పి ఊపుతున్నారు. ఒక నూనె ఓడ మీంచి ఎవడో చేతులు నోటికి అడ్డం పెట్టుకుని తెలుగులో, "ఏ ఊరన్నా మనది?" అని కేకేశాడు.

అంతసేపూ రాయిలా నిలబడ్డ పోలారావు బయటికి వచ్చి, రెయిలింగు పట్టుకుని, "పూడిమడక" అని తిరిగి కేకేశాడు. కూతల మధ్య అది సగమే వినబడింది. హైమవతి గారు పక్కనే ఉన్నారు. తన పమిట చెంగు తలమీదికి లాక్కుని, ఓడలన్నీ పోయేదాకా ఆ ఎండలోనే నిలబడ్డారు. మాస్టారు ఆవిడ దగ్గర అంతకుముందూ తరువాతా పనిచేశారు. ఆవిడ అంత నిటారుగా నిలబడటం మళ్లీ చూడలేదన్నారు.

ఆ మర్నాడే సమావేశంవాళ్లు ఆమె చుట్టూ చేరారు. ఎవరి మైన్లు ఎక్కడున్నాయో మీకు తెలిసిపోయింది, సాక్ష్యం చెప్పండి, లోకమంతా మీ పేరు మోగిపోతుంది అన్నారు. నాకు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదని ఆమె చెప్పారు. కొందరు చాటుగా, కొందరు ఎదురుగానే ఆమెను పిరికిమనిషి అన్నారు. ఒక పత్రిక అంతకంటే చెడ్డమాటే రాసింది. చివరికి వెలువడిన ప్రకటనలో సమావేశపు అధ్యక్షుడికి కృతజ్ఞతలు చెప్పారు. నాగావళి పేరు గానీ మన దేశం పేరు గానీ అందులో లేదు.

మాస్టారు అక్కడితో ఆపేశారు. చెప్పవలసింది అయిపోయిందని మాకు అర్థమైంది. అయినా నిరుపమ ఊరుకోలేదు. ముఖం ఇందాకటిలా ముడుచుకుని లేదు గానీ, గొంతులో పట్టుదల అలాగే ఉంది.

"ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆవిడ ఎప్పటికీ చెప్పలేదా, మాస్టారూ? మీకు కూడా?"

"చెప్పలేదు."

"సమావేశంవాళ్లు అడిగినప్పుడైనా చెప్పవచ్చు కదా. ఆ మర్నాడు చెప్పకపోవడానికి మాత్రం కారణమేముంది?"

వరాహశాయి గారు లేచి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు.

"మర్నాడు కూడా ఆ పైలట్లతోనే ఓడలు వెళ్లాలి కదమ్మా" అన్నారు.