ముందు మాట్లాడే వంతు

పైడిరాజు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకి వెంటనే జవాబు దొరకదు. ఆయన అడిగినవాళ్ళ మొహం ఓసారి చూస్తారు, భుజం మీది తువ్వాలు దులిపి మళ్ళీ వేసుకుంటారు, చేతిలో పని చేసుకుంటూ పోతారు. జవాబు ఆ రోజో, మర్నాడో, ఇంకెప్పుడో, జరిగిన సంగతి ఒకదానిలోంచి వస్తుంది. దాన్ని పట్టుకోగలిగినవాళ్ళు ఆయన శిష్యులు. పట్టుకోలేనివాళ్ళు ఫీజు కట్టి డ్రమ్ములు నేర్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు. రెండో రకమే ఎక్కువ.

ఆ ఆదివారం రత్నం అడిగింది. రత్నం రొయ్యల కంపెనీలో పని చేస్తుంది, మూడేళ్ళుగా మాస్టారి దగ్గర డ్రమ్ములు నేర్చుకుంటోంది. ఆయన ఆడపిల్లని కూర్చోబెట్టి నేర్పిస్తున్నారని నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆమె వాయిస్తుంటే మెట్ల మీద నిలబడి వింటున్నారు.

"మాస్టారూ, కొత్త ఆల్బమ్ విన్నాక చిన్నవాళ్ళని ముందు మాట్లాడమంటారెందుకు? మీరు చెప్పాక ఎవరి మాటా నిలబడదు కదా. అలాంటప్పుడు మా చేత ముందే వాగించడం దేనికి?"

మాస్టారు ఆమె మొహం ఓసారి చూశారు. తువ్వాలు దులిపి వేసుకున్నారు. "కుర్చీలు దింపు పాపా. ఆళ్ళొచ్చీ యేలయింది" అన్నారు. అంతే.

నెలకో ఆదివారం మధ్యాహ్నం, విశాఖపట్నం మల్కాపురంలో ఓ టెంట్ హౌస్ మేడ మీద, హెవీ మెటల్ అనే హోరెత్తే సంగీతం వినేవాళ్ళు కూడతారు. చుట్టి నిలబెట్టిన షామియానాలు గోడల నిండా ఉంటాయి కాబట్టి అక్కడ శబ్దం చెదరదు, వీధిలోకీ పోదు. ఆ చోటు వెతికి పట్టింది మాస్టారే. ఆ సంగీతాన్ని ఉత్త గోల అన్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళ పేర్లు మాస్టారికి ఇంకా గుర్తున్నాయి. పెళ్ళిళ్ళ బ్యాండులో డ్రమ్ము వాయించే రోజుల్లో, హార్బరు గేటు దగ్గర ఓ ఓడమనిషి పెట్టిన రికార్డు విని, తన చేతులు ఇన్నాళ్ళూ కాచుకున్నది దీనికోసమేనని తెలుసుకున్న మనిషి ఆయన. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆల్బమ్ అట్ట మీద పేరు చదవలేరు. అయితే ఆ బ్యాండ్లవాళ్ళు పేర్లని తుమ్మకంప అల్లినట్టు రాస్తారు కాబట్టి, డిగ్రీలున్నవాళ్ళూ చదవలేరు. ఆ సంగతి ఆయన అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటారు.

ఆ మేడ మీద ఓ పద్ధతి ఉంది. రికార్డు పెట్టేముందు అట్టని బోర్లా వేసేస్తారు. బొమ్మ చూసి బెదరకూడదు, పేరు చూసి మురిసిపోకూడదు. మొదటినుంచి చివరిదాకా వినాలి. ఫోను మీద వేలితో తోసుకుంటూ ప్రతి పాటకీ తల మాత్రం చూసి "వినేశాం" అనడం అక్కడ చెల్లదు. విన్నాక ఒక్కొక్కరూ చెప్పాలి. అందరిలోకీ చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు తర్వాత. ఆఖరి మాట మాస్టారిది. ఆ మాట ఇచ్ఛాపురం నుంచి తుని దాకా ఉన్న అభిమానుల ఫోన్లకి పోతుంది. "మాస్టారు ఒప్పుకున్నారా?" అని అడిగి మరీ వినేవాళ్ళున్నారు.

పద్ధతి మంచిదే. మనుషులే తెలివి మీరారు. పాట నచ్చితే మాస్టారి కుడిపాదం నేల మీద ఆడుతుంది. నచ్చకపోతే కదలదు. అందుకని చిన్నవాళ్ళందరూ చెవులు పాట మీదా కళ్ళు ఆ పాదం మీదా పెట్టి కూర్చుంటారు. వంతు రాగానే పాదం చెప్పిందే చెప్తారు. రత్నమూ అలాగే చెప్పేది. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఇమ్మానుయేలని మాస్టారి మొదటి శిష్యుడు ఒకడుండేవాడు. మాస్టారి చేతికి సాటి చెయ్యి, చెవికి సాటి చెవి. ఓ ఆల్బమ్ విషయంలో మాస్టారి మాట తప్పని అన్నాడు. ఆ తర్వాత అతను ఆ మేడ మెట్లు ఎక్కలేదు. వీధిలో ఎదురుపడితే మాస్టారు అవతలి పక్కకి దాటేస్తారు. రత్నానికి ఈ లోకంలో తనదనుకున్న చోటు ఆ డ్రమ్ముల వెనక ఉన్న స్టూలు ఒక్కటే. అది పోగొట్టుకునే ధైర్యం ఆమెకి లేదు.

ముందు షరీఫ్ వచ్చాడు. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, నోరు ఊరుకోదు. వెనకాలే షిప్‌యార్డులో వెల్డరు సన్యాసిరావు. ఆ రోజుకి వచ్చింది ఆ ఇద్దరే.

"మాస్టారూ, ఫిన్లాండ్ కుర్రాళ్ళది కొత్తది దొరికింది. వింటే మనిషి లేచి నిలబడిపోవాలి" అన్నాడు షరీఫ్.

"పోయిన నెల కూడా ఫిన్లాండే తెచ్చావు. మూడో పాటకి నువ్వే పడుకున్నావు" అన్నాడు సన్యాసిరావు.

"కళ్ళు మూసుకుని విన్నాను గురూ."

"గురక పెట్టి విన్నావు."

"ఇయ్యాల నాది" అన్నారు మాస్టారు. "నిన్న ఓ ఓడమనిషి పెట్టెలో యెతికేను. వంద రికార్డుల్లో ఇదొక్కటీ సేతికి బరువు తగిలింది. ఇలాటిది మీ ఫోన్లలో దొరకదు." అలా అన్నప్పుడు ఆయన మెడ కొంచెం పైకి లేచింది. అట్ట బోర్లా వేసి, రికార్డు తుడిచి, తన చేత్తోనే ముల్లు దించారు.

మొదటి గిటారు మోత లంగరు గొలుసు నీళ్ళలోకి దిగినట్టు వచ్చింది. దాని వెనక డ్రమ్ములు, ఒక్కో దెబ్బా ఆగి ఆగి. ఆపైన గొంతు. భూమి అడుగునుంచి ఎవరో బండలు నెట్టుకుంటూ పైకి వస్తున్నట్టుంది ఆ గొంతు. మాస్టారి పాదం మొదటి పాట సగంలోనే ఆడటం మొదలుపెట్టింది. రెండో పాటకి కళ్ళు మూసుకున్నారు. రికార్డు తిరగెయ్యడానికి లేచినప్పుడు షరీఫ్ ఆగలేక, "ఏం గొంతు మాస్టారూ! వీడు అన్నం తినడు, రాళ్ళు తింటాడు" అన్నాడు. మామూలుగా అయితే మధ్యలో మాట్లాడినందుకు తిట్లు పడేవి. మాస్టారు నవ్వారు.

రత్నానికి మాత్రం ఏదో అడ్డు పడుతోంది. సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మీద కర్ర పడితే ఆ మోత సన్నగా మెరుస్తూ ఆరిపోవాలి. ఇక్కడ గంట మూలిగినట్టు కిందికి జారుతోంది. సరే, వాళ్ళ ఇత్తడి వేరేమో అనుకుంది. తర్వాత డ్రమ్ము మీద కర్రలు గలగలా దొర్లించే చోటు వచ్చింది. అక్కడ ఆమె వేళ్ళు తమంతట తామే బిగుసుకున్నాయి. అలా దొర్లించేటప్పుడు మొదటి దెబ్బే మనిషిది. రెండోది కర్రది. అది తోలు మీంచి ఎగిరి తనంతట తాను పడుతుంది. మనిషి ఎంత నెమ్మదిగా వాయించినా, కర్ర ఎగిరే వేగం కర్రదే. ఆమెకి ఆ ఒక్క సంగతి వంటబట్టడానికి ఏడాది పట్టింది. ఈ రికార్డులో కర్ర గాల్లో ఆగి, ఆలోచించుకుని పడుతోంది.

పెద్ద రికార్డులు నిమిషానికి ముప్పైమూడు చుట్ల వేగం మీద తిరుగుతాయి, చిన్నవి నలభైఐదు మీద. ఇది వినేవాళ్ళందరికీ తెలుసు. మాస్టారు పెద్ద రికార్డు కాబట్టి ముప్పైమూడు మీదే పెట్టారు. కానీ ఎక్కడో కొందరు మోత నిండుగా రావాలని పెద్ద రికార్డుని కూడా నలభైఐదుకి చేస్తారు. ఆ ముక్క చిన్న అక్షరాల్లో అట్ట మీద రాస్తారు. ఆ అట్ట పద్ధతి ప్రకారం బోర్లా పడుకుని ఉంది.

రికార్డు అయిపోయింది. మాస్టారు కళ్ళు తెరిచారు. ఆయన మొహం పెళ్ళికొడుకు తండ్రి మొహంలా ఉంది. "రత్నం, నీ వొంతు" అన్నారు.

రత్నం ఆ పాదం వంక చూసింది. పాట ఆగినా అది ఇంకా ఆడుతూనే ఉంది. మెట్ల వంక చూసింది. బాగుందనే ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికి ఆ మాట తుని దాకా పోతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఎవడో ఒకడు దీన్ని సరైన వేగంలో వింటాడు. మల్కాపురం మాస్టారి చెవి గురించి ఊరూరా నవ్వుకుంటారు. అలా నవ్వే మొహాలు ఆమె కళ్ళ ముందు కదిలాయి. ఒళ్ళు మండింది.

"మాస్టారూ, రికార్డు తప్పు వేగంలో తిరిగింది."

"చెల్లీ, నీకేమైనా..." అని షరీఫ్ మొదలుపెట్టాడు. "నీ వంతు రాలేదు" అన్నాడు సన్యాసిరావు.

"నాను పెట్టిన రికార్డా?" అన్నారు మాస్టారు.

"అవును మాస్టారూ."

"నలభై యేళ్ళనుంచి ఈ పాటలు ఇంటన్నాను. నా సెవికి వొంక పెడతన్నావా?"

"చెవి సంగతి నాకు తెలీదు మాస్టారూ. కర్ర సంగతి చెప్తున్నాను. రెండో దెబ్బ కర్రదన్నారు మీరు. అంత మెల్లగా ఏ కర్రా ఎగరదు."

మాస్టారు లేచి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, వేగం మార్చే మీట తనే నలభైఐదుకి తోసి, ముల్లు మొదట్లో పెట్టారు.

లంగరు గొలుసు పోయింది. గిటారు కుక్కర్ ఈలలా దూసుకొచ్చింది. సింబల్స్ తళుక్కుమన్నాయి. కర్రలు గలగలమని దొర్లాయి. ఆపైన గొంతు వచ్చింది, ఆడమనిషి గొంతు, సన్నగా, గాజు మీద గీసినట్టు.

"రాళ్ళు తినేవాడు ఎక్కడికి పోయాడ్రా?" అని సన్యాసిరావు షరీఫ్‌ని మెల్లగా అడిగాడు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు నవ్వనివ్వలేదు. రెండు వైపులా మళ్ళీ మొత్తం వినిపించారు. ఆయన పాదం కదల్లేదు. అయ్యాక మళ్ళీ మొదటినుంచి వంతులు పెట్టారు. వాయింపు శుభ్రంగా ఉంది గానీ పాటలు గుర్తుండవని రత్నం చెప్పింది. షరీఫ్ బుర్ర గోక్కుని, "నిజం చెప్పాలంటే మాస్టారూ, తప్పు వేగంలోనే బ్రహ్మాండంగా ఉంది. అలాగే వింటే ఏం పోయింది? మనకి తప్ప ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. సన్యాసిరావు కూడా నేల చూస్తూ, ఆ మాటా నిజమే అన్నట్టు తల ఊపాడు. మాస్టారు ఒప్పుకుంటే ఆయన తెచ్చిన రికార్డుకి పరువు దక్కేది.

"ఆళ్ళు వాయించింది ఇనాల. మనం తిప్పింది కాదు" అన్నారు మాస్టారు. "ఇది మామూలు ఆల్బమ్. పైడిరాజు తెచ్చేడు, మామూలుదని పైడిరాజే సెప్పేడు. అలాగే పంపించు."

షరీఫ్ అలాగే పంపించాడు. అతనూ సన్యాసిరావూ మెట్లు దిగిపోయారు. రత్నం కుర్చీలు ఒకదానిలో ఒకటి పెడుతూ, ఉన్న నాలుగు కుర్చీలకీ చాలాసేపు తీసుకుంది. మాస్టారు రికార్డుని అట్టలో దోపి, తువ్వాలు దులిపి వేసుకున్నారు. ఆమె ఇక ఉండబట్టలేకపోయింది.

"రేపు క్లాసుకి రావచ్చా మాస్టారూ? ఇమ్మానుయేలు గారిని..."

ఆ పేరు వినగానే ఆయన దవడ బిగుసుకుంది. ఆ పగ ఇన్నేళ్ళలో ఆవగింజంత కూడా తరగలేదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. ఆయన మెట్ల దాకా నడిచి, కిందికి చూస్తూ, ఆమె మొహం చూడకుండా అన్నారు.

"ఇమ్మానుయేలు సెప్పింది కూడా నిజమే పాపా. కానీ తన వొంతులో తలూపేసి, నా వొంతయ్యి నా మాట ఊరూరా పోయేక సెప్పేడు."