నల్లగా పెరిగిన గడ్డి

కనిగిరి దగ్గర ఒక ఊళ్లో కోటిలింగం అనే పాడి రైతు ఉండేవాడు. పక్క చేలో పశుగ్రాసం తన గడ్డి కంటే నల్లగా కనిపిస్తే అతనికి అన్నం సయించేది కాదు. ముదురాకుపచ్చగా ఉన్న పైరును ఆ ఊళ్లో నల్లగా ఉందనే అంటారు.

పక్క చేను మస్తానమ్మది. ఆమె ప్రతి కోత తర్వాత యూరియా కొద్దిగా చల్లి, ఆ పూటే నీళ్లు పెట్టేది. కోటిలింగానికి అంత ఓపిక లేదు. అర ఎకరానికి మూడు బస్తాలు ఒకేసారి చల్లేశాడు. రెండు తడులకే గడ్డి నల్లగా లేచింది.

"చూశావా వదినా! నీ గడ్డికి కామెర్లు వచ్చినట్టుంది," అన్నాడు గట్టు మీద నిలబడి.

ఇంతలో అతని బోరు మోటారు కాలిపోయింది. ఎనిమిది రోజులు తడి లేదు. గడ్డి వాడింది గానీ రంగు తగ్గలేదు. మేత అయిపోవడంతో కోటిలింగం కొడవలి పట్టుకుని చేలోకి దిగాడు.

మస్తానమ్మ పరుగున వచ్చింది. "ఆగు లింగం! నీళ్లు లేక ఎరువంతా ఆకులోనే నిలిచిపోయి విషమై ఉంటుంది. మోటారు బాగయ్యాక తడి పెట్టి, పది రోజులాగి కొయ్యి. అందాకా మా వామిలో వరిగడ్డి వేసుకో."

"ఇంత గడ్డి పెట్టుకుని చూడి గేదెకు ఎండుగడ్డి వేస్తే ఊరు నవ్వదూ?"

"నవ్వితే నవ్వనీ. ముందు గేదె బాగుండాలి కదా?"

"నీ కళ్లు కుట్టాయిలే వదినా," అని అతను మోపు కట్టాడు.

పొద్దుట్నుంచీ ఖాళీ కడుపుతో ఉన్న గేదె ఆ గడ్డి ఆబగా తింది. మధ్యాహ్నానికి రొప్పుతూ, తూలి కూలబడింది. కోటిలింగం భార్య అంకమ్మ పశువుల డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన రక్తం తీసి చూశాడు. అది కాఫీ రంగులో ఉంది.

"ఎంత యూరియా వేశావు?"

కోటిలింగం చెప్పాడు. డాక్టరు వెంటనే సూది మందు ఎక్కించాడు.

సాయంత్రానికి గేదె లేచి నిలబడింది. కానీ మూడో రోజున ఈచుకుపోయి, నెలలు నిండని చచ్చిన దూడను వేసింది. దూడను గోనెపట్టాలో చుడుతూ అంకమ్మ, "ఊరు నవ్వలేదు గదయ్యా, ఇప్పుడు బాగుందా?" అంది.

కోటిలింగం గొయ్యి తవ్వడానికి పార అందుకున్నాడు.

పైరుకైనా, పశువుకైనా, మనిషికైనా ఎంత ఇముడుతుందో తెలుసుకుని అంతే పెట్టాలి. చూసేవాళ్ల మెప్పు కోసం మితిమీరి పెట్టిన బలం తినేవాళ్ల పాలిట విషమవుతుంది.